విదేశీ భాగస్వామి శ్రీసిటీకి వస్తున్నారా? వీసా నుంచి వాటాల దాకా దారి ఇదీ

"డబ్బు పెట్టేది ఆయనే కదా సార్, ఇక వీసాకేం అడ్డం?"

తిరుపతిలో మా ఆడిటర్ ఆఫీసుకు విదేశీ భాగస్వామి గురించి మాట్లాడటానికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు అడిగారు. సత్యవేడు దగ్గర విడిభాగాల షెడ్డు వేసుకున్న కుర్రాళ్లు అడిగారు. వాళ్లను తప్పుపట్టలేం. పెట్టుబడి తెస్తున్న మనిషికి దేశం తలుపు తెరిచి పెడుతుందని అనుకోవడం సహజమే.

కానీ పెట్టుబడికి అనుమతి ఇచ్చేవాళ్లు వేరు, మనిషిని దేశంలోకి రానిచ్చేవాళ్లు వేరు. ఒకరు సరే అన్నారని రెండోవారు సరే అనాల్సిన పని లేదు. డబ్బు బ్యాంకులో పడ్డాక కూడా ఆ పెద్దమనిషిని చెన్నై విమానాశ్రయం నుంచే వెనక్కి పంపవచ్చు. ఆయన వీసా, స్టాంపు అన్నీ సక్రమంగా ఉన్నా డబ్బు తప్పుడు దారిలో వచ్చిందని కంపెనీ చిక్కుల్లో పడవచ్చు. ఈ రెండు దారులూ ఎక్కడెక్కడ కలుస్తాయో తెలియకే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. అందుకే పని జరిగే వరుసలోనే రాస్తున్నాను.

ముందు ఎవరి పని ఏదో తెలుసుకోండి

విదేశీయుల రాకపోకలకు ఇప్పుడు మన దేశంలో ఆధారం ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం, 2025. ఇది 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఈ పనంతా నాలుగు చట్టాల మీద నడిచేది: 1920 నాటి పాస్‌పోర్ట్ చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, విమాన, ఓడ సంస్థల బాధ్యత గురించిన 2000 నాటి చట్టం. ఆ నాలుగూ రద్దయ్యాయి. మీ దగ్గరున్న పాత ఒప్పందాల్లో, హామీ పత్రాల్లో "ఫారినర్స్ యాక్ట్, 1946 ప్రకారం" అని ఉంటే కొత్తగా రాయించుకోండి.

వీసా ఇచ్చేది విదేశాల్లో ఉన్న మన రాయబార కార్యాలయం. ఈ-వీసా అయితే ఆన్‌లైన్లో ఇస్తారు. విమానాశ్రయం కౌంటర్‌లో పాస్‌పోర్టు చూసి స్టాంపు వేసేది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్. వచ్చిన మనిషి ఇక్కడ ఉన్నంతకాలం నమోదు, గడువు పొడిగింపు, చిరునామా మార్పు లాంటివి చూసేది విదేశీయుల ప్రాంతీయ నమోదు అధికారి. ఆ కార్యాలయాన్నే అందరూ ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అంటారు. అది లేని జిల్లాల్లో జిల్లా ఎస్పీయే నమోదు అధికారిగా ఉంటారు.

డబ్బు సంగతి పూర్తిగా వేరు. అది 1999 నాటి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా కిందికి వస్తుంది. రిజర్వు బ్యాంకు, పరిశ్రమల శాఖలో విదేశీ పెట్టుబడుల విధానం చూసే విభాగమైన డీపీఐఐటీ, మీ బ్యాంకు దాన్ని చూస్తాయి. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు వెళ్లి వాటాల గురించి అడిగినా, బ్యాంకు మేనేజర్‌ను వీసా గురించి అడిగినా తిరగడమే తప్ప పని జరగదు.

మొదటి అడుగు: డబ్బు ఏ దేశం నుంచి వస్తోంది?

చాలామంది వీసాతో మొదలుపెడతారు. నేను మాత్రం పెట్టుబడి పుట్టుక చూడమంటాను, ఎందుకంటే నెలల తరబడి ఆలస్యం జరిగేది ఇక్కడే.

తయారీ రంగంలో, ఆహార శుద్ధిలో, హోటళ్లలో విదేశీ పెట్టుబడి నూటికి నూరు శాతం దాకా ఆటోమేటిక్ మార్గంలో రావచ్చు, ముందస్తు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. జపాన్ భాగస్వామి శ్రీసిటీ పారిశ్రామికవాడలో యూనిట్ పెట్టినా, జర్మన్ కొనుగోలుదారు మీ గుజ్జు ఫ్యాక్టరీలో వాటా తీసుకున్నా మామూలుగా ఈ దారే.

మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడి అలా కాదు. 2020 ఏప్రిల్‌లో డీపీఐఐటీ ఇచ్చిన ప్రెస్ నోట్ 3 అనే ఉత్తర్వు ప్రకారం దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, మయన్మార్, అఫ్గానిస్తాన్ ఈ లెక్కలోకి వస్తాయి. డబ్బు సింగపూర్ కంపెనీ పేరున వచ్చినా దాని వెనక అసలు యజమాని ఈ దేశాలవాడైతే నియమం వర్తించవచ్చు. కాబట్టి భాగస్వామి కంపెనీలో ఎవరికెంత వాటా ఉందో మొదటి మీటింగ్‌లోనే కాగితం మీద అడగండి. మొహమాటం వద్దు. ఆ పట్టికను మీ బ్యాంకుకు చూపించి ఆ రోజుకు అమల్లో ఉన్న నియమం ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇలాంటి నియమాల్లో సడలింపులు, మార్పులు వస్తూనే ఉంటాయి.

2022 జూన్ నుంచి ఇంకో మెలిక కూడా ఉంది. ఆ దేశాల పౌరుణ్ని మీ కంపెనీలో డైరెక్టరుగా పెట్టాలంటే హోం శాఖ భద్రతా అనుమతి జత చేయాలి. పెట్టుబడి ఫైలు, మనిషి ఫైలు మొదటిసారి కలిసేది ఇక్కడే.

రెండో అడుగు: కంపెనీ పెట్టడానికి వచ్చేవారికి ఏ వీసా?

ఈ ఒక్క విషయం తెలియక మా దగ్గరికి తిరిగి వచ్చిన ఫైళ్లు కొన్ని ఉన్నాయి. విదేశీ భాగస్వామి టూరిస్టు వీసా మీద వచ్చి, తిరుమల దర్శనం చేసుకుని, మర్నాడు తిరుపతిలో కూర్చుని కొత్త కంపెనీ పత్రాల మీద సంతకం పెట్టేస్తాడు. అందరికీ సంతోషం. కానీ కంపెనీల నమోదు నియమాల ప్రకారం, విదేశీయుడు ఇండియాకు వచ్చి ఇక్కడే కంపెనీ స్థాపన పత్రాల మీద సంతకం చేయాలంటే ఆయన దగ్గర చెల్లుబాటయ్యే బిజినెస్ వీసా ఉండాలి. టూరిస్టు వీసాతో పెట్టిన సంతకం పనికిరాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆయన బిజినెస్ వీసా మీద రావడం. రెండోది, అసలు రాకుండానే తన దేశంలో నోటరీ, అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి పత్రాలు పంపడం. నన్నడిగితే మొదటి దశకు రెండో దారే మేలు. మీటింగ్‌కు ఎలాగూ వస్తారు, సంతకం కోసం టెన్షన్ పడి తొందరగా రప్పించాల్సిన పని లేదు.

బిజినెస్ వీసాతో ఏమేం చేయవచ్చు? వ్యాపార అవకాశాలు చూడటం, కంపెనీ పెట్టడం, కొనుగోలు, అమ్మకం మాట్లాడటం, బోర్డు మీటింగులు, సాంకేతిక చర్చలు. మామిడి సీజన్లో గుజ్జు నాణ్యత చూసి ఆర్డర్ ఇవ్వడానికి వచ్చే కొనుగోలుదారుకు ఇది సరిపోతుంది. చేయకూడనిది మీ దగ్గర ఉద్యోగం. ఆ మనిషి పేరు మీ జీతాల పట్టికలో ఉంటే ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి.

ఎంప్లాయ్‌మెంట్ వీసా ఇచ్చేది నైపుణ్యం ఉన్నవాళ్లకే. మనవాళ్లు సులభంగా దొరికే పనులకు ఇవ్వరు. హోం శాఖ నిర్ణయించిన కనీస జీతం ఉండాలి, కొన్ని వర్గాలకు మాత్రమే మినహాయింపు. ఈ వీసా ఒక యజమానికి కట్టి ఉంటుంది. మీ కంపెనీ పేరున వచ్చిన ఇంజనీరు పక్క ప్లాటులోని కంపెనీకి మారిపోతానంటే మామూలుగా కుదరదు. ఆయన ప్రవర్తనకు, గడువు ముగిశాక తిరిగి వెళ్లడానికి మీరు హామీ ఇస్తూ సంతకం పెడతారు. దాన్ని చదవకుండా సంతకం పెట్టే యజమానులను చూశాను. అది చాలా బరువైన కాగితం.

యంత్రాలు బిగించి నడిపించి వెళ్లే నిపుణుల దగ్గరే గందరగోళం ఎక్కువ. ఇంతకుముందు వాళ్ల సంగతి బిజినెస్సా, ఎంప్లాయ్‌మెంటా అని లాగుతూ ఉండేది. 2025 చివర్లో ఇలాంటి పనుల కోసమే ఈ-ప్రొడక్షన్ ఇన్వెస్ట్‌మెంట్ బిజినెస్ వీసా వచ్చింది. దాన్ని ఈ-బీ-4 అంటున్నారు. దీనికి ఇక్కడి కంపెనీ కేంద్ర ప్రభుత్వ నేషనల్ సింగిల్ విండో పోర్టల్‌లో స్పాన్సర్‌షిప్ లెటర్ తయారు చేసి పంపాలి. రెండేళ్ల కిందట పక్క కంపెనీవాళ్లు పెట్టిన దరఖాస్తు చూసి అలాగే పెట్టకండి, అప్పటి పద్ధతి మారిపోయింది.

ఆహ్వాన పత్రంలో పని వివరం ఒక్క మాటలో తేల్చకండి. "వ్యాపార పనిమీద" అని రాస్తే చదివే అధికారికి ఏమీ తెలియదు. ఏ యంత్రం, ఎన్ని రోజులు, జీతం ఎవరిస్తారు, బస ఎక్కడ అనే నాలుగూ ఉండాలి.

మూడో అడుగు: చెన్నై కౌంటర్

శ్రీసిటీ ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు చిత్తూరు జిల్లాలో ఉండేది. జిల్లా ఏదైనా విదేశాల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెన్నైలోనే దిగుతారు. ఈ-వీసా ఉన్నవాళ్లు దానికోసం గుర్తించిన విమానాశ్రయాల్లోనే దిగాలి. చెన్నై ఆ జాబితాలో ఉంది.

వీసా చేతిలో ఉంది కాబట్టి లోపలికి వెళ్లడం హక్కు అనుకోకూడదు. వీసా అంటే తలుపు దాకా రమ్మనడం. తలుపు తీసేది కౌంటర్‌లోని ఇమ్మిగ్రేషన్ అధికారి. దేశ భద్రత, సార్వభౌమత్వం, ఇతర దేశాలతో సంబంధాలు, ప్రజారోగ్యం లాంటి కారణాలతో ప్రవేశం నిరాకరించే అధికారం 2025 చట్టం ఇచ్చింది. ఆ విషయంలో ఆయన నిర్ణయమే తుది నిర్ణయమని కూడా చెప్పింది. మీ భాగస్వామి ఎన్ని కోట్లు పెట్టాడన్నది అక్కడ లెక్కలోకి రాదు. నా అభిప్రాయంలో అది ఉండాల్సిన పద్ధతే. డబ్బు చూసి తెరుచుకునే సరిహద్దును ఎవరూ నమ్మలేరు.

ఈ-వీసా మీద వచ్చేవారి వేలిముద్రలు, ఫోటో అక్కడే తీసుకుంటారు. ఆయన చేతి సంచిలో, చెక్-ఇన్ సామానులో కాదు, ఇవి ఉండాలి: వీసా ప్రింటు, మీ ఆహ్వాన పత్రం, బస చిరునామా, తిరుగు టికెట్టు, మీ కంపెనీలో ఫోన్ ఎత్తే ఒక మనిషి నంబరు. చివరిది చాలా ముఖ్యం. తెల్లవారుజామున మూడింటికి దిగే విమానాలు ఎక్కువ. అధికారి ఫోన్ చేసి "ఈయన మీకు తెలుసా, ఎందుకు వస్తున్నారు?" అని అడిగితే నిద్రమత్తులో "కనుక్కుని చెబుతా సార్" అనేవాడి నంబరు ఇవ్వొద్దు. ఆహ్వాన పత్రంలో ఏం రాశారో ఆ మనిషికి నోటికి వచ్చి ఉండాలి.

భాగస్వామికి కూడా ఒక మాట చెప్పండి: పని కోసం వచ్చి "టూరిజం" అని చెప్పకూడదు. తేలిక అవుతుందని అలా చెప్పేవాళ్లున్నారు. సంచిలో డ్రాయింగులు, నోట్లో టూరిజం మాట ఉంటే అనుమానం అక్కడే మొదలవుతుంది.

నాలుగో అడుగు: మొదటి 24 గంటలు

ఈ భాగం కంపెనీలకంటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. తడ, సూళ్లూరుపేట, తిరుపతిలో విదేశీ ఇంజనీర్లకు ఫ్లాట్లు ఇస్తున్న మనవాళ్లు దయచేసి చదవండి.

విదేశీయుడు మీ దగ్గర దిగిన 24 గంటల్లోపు ఆ వివరం నమోదు అధికారికి ఆన్‌లైన్లో చేరాలి. కొత్త నియమాల్లో ఫారాల పేర్లు మారినా అందరూ దీన్ని ఇప్పటికీ ఫారం సి అనే అంటారు. ఇది పెద్ద హోటళ్లకే అనుకుంటారు, అలా కాదు. లాడ్జి, గెస్ట్‌హౌస్, మఠం, సత్రం, ఆశ్రమం, ఆఖరికి మామూలు ఇల్లు కూడా దీని కిందికి వస్తాయి. డబ్బు తీసుకున్నారా, ఊరికే ఉంచుకున్నారా అన్నది సంబంధం లేదు.

మొదట్లో నాకే ఒక దెబ్బ తగిలింది. ఒక కొరియా ఇంజనీరు కోసం తిరుపతిలో ఫ్లాటు చూసి పెట్టాం. యజమాని మంచి మనిషి, ఆయన భార్య ఆ ఇంజనీరుకు రోజూ పెరుగన్నం కూడా పంపేవారు. ఫారం సి గురించి ఆయనకు తెలియదు, నేను గుర్తు చేయలేదు. పదో రోజున నమోదు దరఖాస్తు పెడితే, బస చేసిన చోటి నుంచి ఫారం సి ఏదని వెనక్కి వచ్చింది. యజమాని అప్పుడు ఫారం సి వేయడానికి ఆన్‌లైన్లో లాగిన్ తెరవడానికి కూర్చుంటే గుర్తింపు పత్రాలు, ఇంటి కాగితాలు అప్‌లోడ్ చేసి ఆమోదం వచ్చేసరికి నమోదుకున్న 14 రోజుల గడువు అంచుకు చేరాం. తప్పు నాదే. అప్పటినుంచి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టించే రోజే యజమాని చేత లాగిన్ తెరిపిస్తున్నాను. మనిషి విమానం ఎక్కకముందే ఆ పని అయిపోవాలి.

వారాంతంలో ఊటీకో, చెన్నైకో వెళ్లి హోటల్లో దిగితే అక్కడివాళ్లు మళ్లీ ఫారం వేస్తారు. అది వాళ్ల బాధ్యత. ఆయన తిరిగి వచ్చినప్పుడు మీరు ఏం చేయాలో మాత్రం మీ జిల్లా పోలీసు కార్యాలయంలోని విదేశీయుల విభాగంలో ఒకసారి అడిగి ఉంచుకోండి.

అన్నట్టు, అతిథికి చుట్టుపక్కల చూపించాలని సరదా పడి షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) వైపు తీసుకెళ్లకండి. పులికాట్‌లో రాజహంసలు చూపించవచ్చు, కానీ షార్ లోపలికి విదేశీయులను ముందస్తు అనుమతి లేకుండా రానివ్వరు.

ఐదో అడుగు: పద్నాలుగు రోజుల లెక్క

180 రోజులకు మించిన వీసాతో వచ్చేవాళ్లు సాధారణంగా దిగిన 14 రోజుల్లోపు నమోదు చేసుకోవాలి. ఎంప్లాయ్‌మెంట్ వీసాకు ఇది మామూలుగా తప్పదు. బిజినెస్ వీసాల మీద "ఒక్కో బస 180 రోజులు మించరాదు" అని రాసి ఉంటే, ఆ హద్దులో ఉన్నంతవరకు నమోదు అక్కర్లేదు. వీసా మీద చిన్న అక్షరాల్లో రాసిన ఆ వాక్యాన్ని చదవడమే సగం పని. ఫోటో తీసి, పెద్దది చేసి చదవండి.

ఈ పనంతా ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో జరుగుతుంది. 2018లో ఇది వచ్చాక ఆఫీసు చుట్టూ తిరగడం చాలావరకు తగ్గింది. పిలిస్తేనే వెళ్లాలి. పాస్‌పోర్టు పేజీలు, వీసా, రాక స్టాంపు, ఫోటో, అద్దె ఒప్పందం, ఫారం సి కాపీ, కంపెనీ హామీ పత్రం, ఉద్యోగ ఒప్పందం స్కాన్ చేసి ఉంచండి. రాక స్టాంపు మసకగా పడి ఉంటే ఆ పేజీని వెలుతురులో మళ్లీ స్కాన్ చేయండి. తేదీ కనబడలేదని తిప్పి పంపుతారు.

శ్రీసిటీకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఫ్యాక్టరీ ఆంధ్రలో ఉంటుంది, ఇంజనీరు మాత్రం పిల్లల స్కూలు కోసమో, తమ దేశం తిండి దొరుకుతుందనో చెన్నైలో కాపురం ఉంటాడు. రోజూ తడ దాటి వస్తాడు. అప్పుడు ఫైలు ఎవరిది? ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది కాదు, ఆయన నివాసం ఎక్కడన్నదే లెక్క. తమిళనాడు వైపు ఉంటే చెన్నై ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ, ఇటువైపు ఉంటే మన వైపు అధికారి. ఆరు నెలలయ్యాక రోడ్డు ప్రయాణం విసుగనిపించి సూళ్లూరుపేటకు మారిపోతాడు, పోర్టల్‌లో చిరునామా మాత్రం చెన్నైదే ఉండిపోతుంది. ఇల్లు మారిన వెంటనే పోర్టల్‌లో మార్చాలి. మీ హెచ్‌ఆర్ వాళ్ల దగ్గర ప్రతి విదేశీ ఉద్యోగి పేరుకు ఎదురుగా "నమోదు చిరునామా", "నిజంగా ఉంటున్న చిరునామా" అని రెండు గళ్లు పెట్టించండి. నెలకోసారి రెండూ పోల్చితే చాలు.

ఆరో అడుగు: డబ్బు వచ్చాక

దీన్ని క్లుప్తంగా చెబుతాను, మిగతాది మీ ఆడిటర్ చూసుకుంటారు. వాటాల కోసం విదేశీ డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లోపు వాటాలు జారీ చేయాలి. జారీ చేశాక 30 రోజుల్లోపు రిజర్వు బ్యాంకు ఫర్మ్స్ పోర్టల్‌లో, విదేశీయులకు వాటాలు ఇచ్చినట్టు తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వేయాలి. ఏటా జూలై 15 లోపు విదేశీ ఆస్తి అప్పుల వివరం ఎఫ్‌ఎల్‌ఏ రిటర్న్ ద్వారా పంపాలి. కంపెనీలో కనీసం ఒక డైరెక్టరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉండాలి. విదేశీ భాగస్వామిని ఒక్కణ్నే నమ్ముకోకుండా మన మనిషిని ఒకరిని పెట్టుకోవడం అందుకే.

స్థిరపడాలనుకుంటే

పెద్ద పెట్టుబడిదారులకు 2016లో కేంద్ర మంత్రివర్గం శాశ్వత నివాస హోదా పథకాన్ని ఆమోదించింది. 18 నెలల్లో 10 కోట్లు లేదా 36 నెలల్లో 25 కోట్లు పెట్టాలి, ఏటా కనీసం 20 మంది భారతీయులకు ఉపాధి కల్పించాలి. హోదా పదేళ్లకు ఇస్తారు, మరో పదేళ్లు పొడిగించవచ్చు. నమోదు నుంచి మినహాయింపు, ఒక ఇల్లు కొనుక్కునే వీలు ఉంటాయి. మన చిన్న యూనిట్ల భాగస్వాములకు ఈ మొత్తాలు చాలా పెద్దవి. వాళ్లకు బిజినెస్ వీసాయే నిజమైన దారి.

మన జిల్లాల్లో అంతకంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న వేరే ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకు ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) పట్టుకుని వచ్చి, బంగారుపాళ్యం దగ్గర నాలుగెకరాల తోతాపురి తోట కొంటానంటాడు. కుదరదు. ఓసీఐ కార్డున్నవాళ్లు ఇల్లు, ఫ్లాటు, వాణిజ్య స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అన్నయ్య పేరున కొని తర్వాత చూసుకుందామనే ఆలోచన మాత్రం మానేయండి. అది బినామీ చట్టం చిక్కులకూ, అన్నదమ్ముల తగాదాలకూ దారి తీస్తుంది. రెండూ మా ఆఫీసు బల్ల మీద చూశాను.

ఏదైనా తేడా వస్తే

సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. దొంగ పత్రాలు వాడితే శిక్ష 2 నుంచి 7 ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 10 లక్షలు. గడువు దాటి ఉండిపోతే 3 ఏళ్ల వరకు, 3 లక్షల వరకు. ఏజెంటు తెచ్చిన కాగితమని చెప్పినా దాన్ని వాడిన మనిషి జవాబు చెప్పాల్సిందే. అందుకే విదేశీ భాగస్వామికి చవకగా వీసా తెప్పిస్తామనే ప్రకటనల వైపు చూడకండి.

గడువు దగ్గరపడుతోందని గుర్తిస్తే ముగియకముందే పోర్టల్‌లో పొడిగింపుకు పెట్టండి. ముగిశాక పెట్టేది అదే దరఖాస్తు అయినా చూసే కన్ను మారిపోతుంది. పాస్‌పోర్టు పోతే వరుస ఇది: పోలీసు ఫిర్యాదు, వాళ్ల రాయబార కార్యాలయం నుంచి కొత్త పాస్‌పోర్టు లేదా ప్రయాణ పత్రం, ఆ తర్వాత పోర్టల్‌లో వీసా బదిలీ లేదా నిష్క్రమణ అనుమతి. ఆ అనుమతి లేకుండా టికెట్టు కొనవద్దు, కౌంటర్‌లో ఆగిపోతారు.

ఆయన పని ముగించుకుని వెళ్లే రోజు కూడా ఒక పని మిగిలి ఉంటుంది. నమోదు చేసుకున్న విదేశీయుడు శాశ్వతంగా వెళ్లిపోతుంటే ఆ విషయం నమోదు అధికారికి తెలపాలి. ఇంటి యజమాని కూడా తన లాగిన్‌లో నిష్క్రమణ తేదీ వేయాలి. లేకపోతే ఆయన సియోల్‌లో ఇంటికి చేరాక కూడా రికార్డులో మీ ఫ్లాటులోనే ఉంటాడు, వచ్చే ఏడు మీరు రప్పించే రెండో ఇంజనీరు దరఖాస్తు దగ్గర ఆ పేరు గురించే అడుగుతారు.